మా ఆయన మొలలూ, ఊరి గిన్నెలూ

మా ఊళ్ళో ఎవరి జబ్బు ఎంత పెద్దదో తెలియాలంటే డాక్టర్ని అడగక్కర్లేదు. వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు లెక్కపెడితే చాలు. కాలు విరిగితే మూడొస్తాయి. బిడ్డ పుడితే నాలుగు. గుండె ఆపరేషన్‌కి ఆరో ఏడో. పది దాటాయంటే మాత్రం ఫాదర్ గారు నల్లకోటు ఇస్త్రీ చేయించుకుంటున్నారని అర్థం.

గిన్నె అంటే ఓవెన్‌లో పెట్టే వెడల్పాటి గాజు గిన్నె. నిండా క్యాబేజీ చుట్టలో, బంగాళాదుంప కూరిన పెరోగీలో, మాంసం ఉండలో ఉంటాయి. అడుగున తెల్ల పట్టీ అంటించి దాని మీద ఇంటావిడ పేరు రాసి ఉంటుంది. తిన్నాక కడిగి తిరిగివ్వాలి గానీ, ఖాళీగా ఇవ్వకూడదు. ఖాళీ గిన్నె తిరిగిచ్చిన కోడలి గురించి కెనడాలోని మా సస్కాచెవాన్ పల్లెల్లో మూడు తరాలు చెప్పుకుంటారు.

నిరుడు సెప్టెంబరులో మా ఇంటికి పంతొమ్మిది గిన్నెలొచ్చాయి. మా ఆయనకొచ్చిన జబ్బు మొలలు.

మా ఆయన ఒరెస్ట్‌కి అరవై రెండేళ్ళు. ఆరడుగుల మనిషి, పదిహేను వందల ఎకరాల గోధుమ రైతు. నలభై ఏళ్ళుగా ట్రాక్టరు సీటూ హార్వెస్టరు సీటూ తప్ప ఇంకో కుర్చీ ఎరగడు. ఆ సీట్లే కొంప ముంచాయో, మంచినీళ్ళు తాగమంటే కాఫీ తాగే బుద్ధే ముంచిందో గానీ, తొమ్మిదేళ్ళ కిందట మొదలయింది. డాక్టరు దగ్గరికి పద అంటే చెవుల దాకా ఎర్రబడేవాడు. కొట్టంలో ఆవు పొదుగుకి రాసే మందు ఉండేది, చదరపు రేకు డబ్బాలో. పగిలిన పొదుగుకి పనిచేసింది నాకెందుకు పనిచెయ్యదని అదే రాసుకునేవాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు. ఆఖరికి అవి బయటికొచ్చి, ఇక లోపలికి పోయేది లేదని మొండికేశాయి.

ఆదివారం చర్చిలో రెండు గంటల ప్రార్థనా నిలబడే వినేవాడు. అందరూ కూర్చున్నా ఈయన కూర్చోడు. "ఒరెస్ట్‌ని చూసి నేర్చుకోండి, భక్తంటే అదీ" అని ఫాదర్ గారు ఓసారి ప్రసంగంలోనే మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలాగా ఈయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను శిలువ గుర్తు వేసుకుంటున్నట్టు నటించి నవ్వు ఆపుకున్నాను.

ఆగస్టు నెలాఖరున హార్వెస్టరు మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడ్డాడు. అప్పుడు బయటపడింది రోజూ ఎంత రక్తం పోతోందో. నాకు కూడా దాచాడు. నాకు వచ్చిన కోపానికి ఆ రోజు ఇంట్లో రెండు ప్లేట్లు మిగల్లేదు. మెడ పట్టుకుని సిటీలో సర్జన్ దగ్గరికి లాక్కుపోయాను.

సర్జన్ టాన్స్‌లీ మా అమ్మాయి వయసుది. చలాకీ పిల్ల. ఆడపిల్ల అని చూడగానే ఈయన టోపీ రెండు చేతులతో పట్టుకుని వెనక్కి అడ్డం పెట్టుకున్నాడు. ముందు కెమెరా గొట్టంతో లోపలంతా చూసి, వేరే ఏమీ లేదని తేల్చుకున్నాకే ఆవిడ నోరు విప్పింది.

"ఒరెస్ట్ గారూ, మీవి నాలుగో దశ. మందులకీ రబ్బరు బ్యాండ్లకీ లొంగే రోజులు పోయాయి. కోసి తీసెయ్యాల్సిందే. తొమ్మిదో తారీఖున ఒకరు మానుకున్నారు, ఆ చోటు మీకిస్తా. కాదంటే మళ్ళీ ఏప్రిల్."

"ఏప్రిల్" అన్నాడు ఈయన.

"తొమ్మిది" అన్నాను నేను.

"అమ్మా, కోతలమ్మా! గోధుమ పండి నిలబడి ఉంది. వాన పడితే మొలకలొస్తాయి."

ఆవిడ రక్తపరీక్ష కాగితం ఆయన వైపు తిప్పింది. "ఉండాల్సిన రక్తంలో సగమే ఉంది మీకు. గోధుమ నిలబడి ఉంది సరే, ఏప్రిల్ దాకా మీరు నిలబడగలరా?"

తొమ్మిదో తారీఖే ఖాయమయింది.

తిరిగొచ్చే దారిలో, వ్యాన్‌లో అద్దానికి వేలాడే సెయింట్ నికొలస్ బొమ్మ మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పనని. ఎందుకంటే మా ఊరి బోదాన్ సంగతి ఉంది. బోదాన్‌కి పన్నెండేళ్ళ కిందట హెర్నియా ఆపరేషనయింది. అమాయకుడు, అందరికీ చెప్పుకున్నాడు. అప్పట్నుంచీ వాడి పేరు పంచరు బోదాన్. ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నారు? మా ఆయనే.

"హెర్నియాకి పంచరన్నాను. దీనికి వాళ్ళేమంటారో ఆలోచించు లెస్యా" అన్నాడు నీరుగారిపోయి.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నాను. అయినా ఒట్టు వేశాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. పోస్టాఫీసుకి వెళ్ళాను.

పోస్టాఫీసులో డోలొరెస్ ఉంటుంది. ఉత్తరాలకన్నా ముందే ఊళ్ళోకి కబుర్లు చేరుస్తుంది. మంచిదే, చెడ్డది కాదు.

"ఏం లెస్యా, రెండు వారాల ఉత్తరాలు ఆపమంటున్నావు?"

"సిటీకి వెళ్తున్నాం. ఒరెస్ట్‌కి ఆపరేషను."

"కోతల్లోనా?" అని చేతిలో స్టాంపు వదిలేసింది.

కోతల్లో ఆపరేషను చేయించుకునే రైతు మా జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. విరిగిన చేతికి కట్టె కట్టుకుని కోసినవాళ్ళున్నారు. పెళ్ళాం కానుపయితే హార్వెస్టరులోంచే ఫోన్లో పేరు పెట్టినవాళ్ళున్నారు. అలాంటిది ఒరెస్ట్ పండిన పంట వదిలి పోతున్నాడంటే!

"ఎక్కడ ఆపరేషను?" అంది గొంతు తగ్గించి.

"కింద."

"కిందంటే?"

"కిందే డోలొరెస్. డాక్టర్లు ఇక ఆగడానికి లేదన్నారు. ఎప్పుడో చూపించుకోవాల్సింది, దాచుకున్నాడు."

ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ నవ్వు పొంగుకొస్తోంది, పెదవి కొరుక్కున్నాను, కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. డోలొరెస్ నా చెయ్యి పట్టుకుని నిమిరింది. ఇంకేమీ అడగలేదు. మా వాళ్ళ మర్యాదే అది, పెద్ద కష్టమనుకున్న చోట ప్రశ్న వెయ్యరు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు తీశారు. ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. పంపించేటప్పుడు టాన్స్‌లీ, "మొదటి వారం నన్ను తిట్టుకుంటారు. రెండో వారం మర్చిపోతారు. నాలుగో వారం దండం పెడతారు. పీచున్న తిండి, బోలెడు నీళ్ళు, రోజుకి నాలుగుసార్లు గోరువెచ్చని నీళ్ళ తొట్టి. బరువులెత్తకూడదు, ఆరు వారాలు హార్వెస్టరు ఎక్కకూడదు" అంది.

"పంటో?" అన్నాడు ఈయన.

"మీ చేతిలో లేనిదాని గురించి ఆలోచించకండి."

ఆవిడ సిటీ పిల్ల. పండిన గోధుమ గురించి ఆలోచించకపోవడం అంటే ఏమిటో ఆవిడకేం తెలుసు.

రెండు గంటల ప్రయాణం కూర్చునే ప్రశ్నే లేదు కదా. వ్యాన్ వెనక సీట్లు పీకేసి పరుపు వేశాను. బోర్లా పడుకుని, మొహం దిండులో దాచుకుని, గతుకు వచ్చినప్పుడల్లా వాళ్ళ తాతల నాటి ఉక్రెయిన్ తిట్లు తిడుతూ వచ్చాడు. ఊళ్ళోకి రాగానే, ఎవరైనా చూస్తారని కిక్కురుమనకుండా దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు. పోస్టాఫీసు మలుపులో వ్యాన్ ఆపాల్సి వచ్చింది. డోలొరెస్ కిటికీలోంచి చూసింది. వ్యాన్‌లో పరుపు, పరుపు మీద కదలని మనిషి, మొహం మీద దుప్పటి. ఆవిడ శిలువ గుర్తు వేసుకోవడం నాకు అద్దంలో కనబడింది.

మర్నాడు పొద్దున ఏడింటికి మొదటి గిన్నె వచ్చింది.

మధ్యాహ్నానికి ఆరు. బోదాన్ పెళ్ళాం రెండు తెచ్చింది. తేవడం, గుమ్మంలో పెట్టడం, నన్ను కావలించుకోవడం, మాట్లాడకుండా వెళ్ళిపోవడం. సాయంత్రానికి పదకొండో గిన్నె ఫ్రిజ్‌లో దూర్చబోతే పట్టలేదు. అప్పుడు నా బుర్రకి వెలిగింది. గిన్నె బల్ల మీద పెట్టి పడగ్గదిలోకి వెళ్ళాను.

"ఒరెస్ట్, ఊళ్ళో నువ్వు పోతున్నావనుకుంటున్నారు."

"ఎక్కడికి?" అన్నాడు దిండులోంచి.

"పైకి."

తల ఎత్తి చూశాడు. కాసేపు ఆలోచించాడు. "అనుకోనీ."

"అనుకోనీ ఏమిటి నీ తలకాయ! వాళ్ళు ఏడుస్తున్నారు."

"నెల పోయాక బతికానని చెబుదాం. డాక్టర్లు గొప్పవాళ్ళందాం."

"చావుకన్నా మొలలే సిగ్గా నీకు?"

"చచ్చేవాడికి ఎవడూ పేరు పెట్టడు లెస్యా" అని మళ్ళీ దిండులో మొహం పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఒట్టు ఒట్టే. సెయింట్ నికొలస్ దగ్గర నాకు వేరే పనులు కూడా ఉన్నాయి.

అయిదో రోజు శనివారం. ఆ రోజు మా ఆయన జీవితంలో మరపురానిది. ఆపరేషను అయ్యాక మొదటిసారి బాత్రూమ్‌కి వెళ్ళాడు. నేను తలుపు బయట నిలబడి, చిన్నప్పుడు మా అమ్మాయిని బుజ్జగించినట్టు బుజ్జగించాను. లోపల్నుంచి వచ్చిన కేకలకి కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసి ఉంటాయి. ఎలాగో గండం గడిచింది. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో దింపాను. కళ్ళు మూసుకుని, చెమటలు తుడుచుకుంటూ, "టాన్స్‌లీ మాట తప్పు లెస్యా, వారం కాదు, ఈ జన్మంతా తిట్టుకుంటా" అంటున్నాడు.

అప్పుడే నేల అదిరింది.

బాత్రూమ్ కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద ధూళి లేచింది. ధూళిలో హార్వెస్టర్లు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. వెనకాల గింజల లారీలు నాలుగు. ముందు బండిలో పంచరు బోదాన్.

మా ఊళ్ళో మంచాన పడ్డ రైతు పంట పొలంలో నిలబడదు. ఇరుగుపొరుగంతా తమ పంట ఆపుకుని వచ్చి ఒక్కరోజులో కోసి పెట్టి పోతారు. ముప్ఫై ఏళ్ళుగా అలా అందర్నీ పోగేసేది ఎవరు? మా ఆయనే. ఎవరికి కష్టమొచ్చినా ఫోన్ పట్టుకుని, "రేపు పొద్దున ఎనిమిదింటికి, ఎవడి డీజిలు వాడిదే" అనేవాడు. ఇవాళ ఆ ఫోన్ ఆయన కోసం తిరిగింది.

"ఎవరెవరొచ్చారు?" అన్నాడు తొట్టిలోంచి, గొంతు మారిపోయి.

పేర్లు చదువుతూ పోయాను. ఆఖరి బండి దగ్గర నా నోరు ఆగిపోయింది. పాత ఎర్ర హార్వెస్టరు. అద్దంలో తెల్ల మీసాలు.

"నెస్టర్" అన్నాను.

నెస్టర్ మా పక్క పొలం. మా అమ్మాయి జ్ఞానస్నానం నాడు ఎత్తుకుని జ్ఞానతండ్రిగా నిలబడ్డది ఆయనే. మా వాళ్ళల్లో ఆ వరసని 'కూమ్' అంటారు, సొంత అన్నదమ్ములకన్నా గట్టి బంధం. అలాంటి ఇద్దరూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోలేదు. ఒక వసంతంలో మంచు కరిగిన నీళ్ళు మా పొలంలో నిలిచిపోతే, ఈయన చిన్న కాలవ తవ్వాడు. ఆ నీళ్ళు పోయి నెస్టర్ బార్లీ నలభై ఎకరాలు ముంచాయి. "నీళ్ళు పల్లానికి పోతాయి, నన్నేం చెయ్యమంటావు" అన్నాడు మా ఆయన. ఆ మాట వెనక్కి తీసుకోమని నేను ఎంత పోరినా తీసుకోలేదు. సరిగ్గా అంతకు వారం ముందే నెస్టర్ భార్య స్టెఫా క్యాబేజీ చుట్టలు పంపింది, ఆకుపచ్చ గిన్నెలో. ఆ గిన్నె మా అలమారలోనే ఉండిపోయింది. ఖాళీగా ఇవ్వకూడదు, నింపి ఇవ్వడానికి మొహం చెల్లలేదు. నాలుగేళ్ళ కిందట స్టెఫా పోయింది. మేం అంత్యక్రియలకి వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చాం. గిన్నె మాత్రం అలాగే ఉంది. దాని జోలికి వెళ్ళకుండా వేరే వస్తువులు తీసుకోవడం నాకు అలవాటయిపోయింది.

నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి నెస్టర్ టోపీ చేతిలో పట్టుకుని మెట్ల కింద ఉన్నాడు. చిక్కిపోయాడు.

"లెస్యా, ఉత్తరం వైపు చెక్క నేను మొదలుపెడతా. అక్కడ తడి తక్కువుంది" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట అది. నేను తలూపాను.

లోపలికొచ్చి మా ఆయనతో, "నెస్టర్ ఉత్తరం చెక్క కోస్తాడట" అన్నాను. ఆయన తొట్టిలో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఏడుపు నేను చూడలేదు.

"చెప్పేస్తాను" అన్నాడు తువ్వాలుతో ముక్కు తుడుచుకుని. వెంటనే, "చెబితే నెస్టర్ వెళ్ళిపోతాడు. నేను పోతున్నానని గేటు దాటాడు. మొలలని తెలిస్తే జన్మలో మళ్ళీ దాటడు" అన్నాడు.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే వాడి పంట పొలంలో ఉండగా నా పంట అబద్ధంతో కోయించుకున్నవాణ్ణవుతాను."

నేను సలహా ఇవ్వలేదు. ఇస్తే చెయ్యడు.

మధ్యాహ్నం పెరట్లో బల్లలు వేసి, వాళ్ళు తెచ్చిన పంతొమ్మిది గిన్నెలే వేడి చేసి వాళ్ళకే వడ్డించాను. ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఫాదర్ గారూ వచ్చారు, నల్లకోటులోనే. అందరూ చర్చిలో కన్నా మెల్లగా మాట్లాడుకుంటూ తింటున్నారు. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుని మా ఆయన బయటికొచ్చాడు. గళ్ళ డ్రెస్సింగ్ గౌను, కాళ్ళకి రబ్బరు బూట్లు, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ అడుగులో అడుగు. మగవాళ్ళంతా టోపీలు తీశారు. డోలొరెస్ కుర్చీ తెచ్చి వెనకాల పెట్టింది.

"వద్దు డోలొరెస్, కూర్చోలేను. అదే చెప్పడానికొచ్చాను."

తలుపు పట్టుకుని అందరివైపూ తిరిగాడు.

"నేను పోవడం లేదు" అన్నాడు. "క్యాన్సరు లేదు, ఏమీ లేదు. తొమ్మిదేళ్ళుగా మొలలు. ముదిరిపోతే కోసి తీశారు. సిగ్గుపడి మీకు చెప్పలేదు. లెస్యా చెబుతానంటే నేనే ఒట్టు వేయించుకున్నాను. మీరు నా కోసం మీ పంటలు ఆపుకుని వచ్చారు. మీరంతా నాకన్నా మంచివాళ్ళు. నేను చావడం లేదు, కాకపోతే పొద్దున బాత్రూమ్‌లో ఓ పావుగంట చావాలని గట్టిగా అనిపించింది. ఇంకేముంది చెప్పడానికి... క్యాబేజీ చుట్టలు చల్లారిపోతాయి, తినండి."

ఎవరూ కదల్లేదు.

బోదాన్ ప్లేటు కింద పెట్టి మెల్లగా లేచాడు.

"ఒరెస్ట్, పన్నెండేళ్ళు నన్ను పంచరన్నావు కదరా."

"అన్నాను."

బోదాన్ ఆకాశంకేసి చూసి రెండు చేతులూ ఎత్తాడు. "దేవుడున్నాడు!"

ఇక ఆ నవ్వు ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ఆగిందో తెలియదు. డోలొరెస్ తను తెచ్చిన కుర్చీలోనే కూలబడి కళ్ళు తుడుచుకుంది. "వ్యాన్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంటే నేనేమనుకోను, చచ్చినోడా!" అని మా ఆయన్ని చెక్కగరిటెతో కొట్టబోయింది. ఫాదర్ గారు నవ్వడం లేదు, ఏదో లెక్క వేసుకుంటున్నారు. "ఒరెస్ట్, చర్చిలో నువ్వు నిలబడేది... అందుకేనా?" అన్నారు. మా ఆయన తల దించుకున్నాడు. ఆ క్షణంలో ఆయన పేరు భక్తుడయిపోయింది. ఈ రోజుకీ ఊళ్ళో అదే పేరు. సమాధి రాయి మీద కూడా అదే చెక్కిస్తామని బోదాన్ ఇప్పటికే చెప్పాడు.

నవ్వనిది నెస్టర్ ఒక్కడే. తింటున్న ప్లేటు అలాగే వదిలి, టోపీ పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా తన బండి వైపు నడిచి వెళ్ళిపోయాడు. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. అందరూ వీపు తడుతున్నా ఆయన కళ్ళు ఆ ఎర్ర బండి మీదే ఉన్నాయి.

"చూశావా, పోయాడు" అన్నాడు లోపలికొచ్చాక. "బాగా అయింది నాకు."

పొద్దు వాలకముందే చివరి చెక్క అయిపోయింది. బండ్లన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఎర్ర బండి మాత్రం ఉత్తరం చెక్కలోంచి వచ్చి మా పెరట్లోనే ఆగింది. కాసేపటికి వంటింటి తలుపు తట్టి నెస్టర్ లోపలికొచ్చాడు. దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. నేను టీ పోశాను. కుర్చీ లాగాను. కూర్చోలేదు.

"ఒరెస్ట్, నీకు రక్తం పడేదా?" అన్నాడు టోపీకేసి చూస్తూ.

మా ఆయన నావైపు చూశాడు. "పడేది."

"ఎర్రగానా, నల్లగానా?"

"నెస్టర్, ఎన్నాళ్ళబట్టి నీకు?"

"ఏడాదిన్నర."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికి చెప్పను? స్టెఫా లేదుగా" అన్నాడు. "దాన్ని తీసుకుపోయిన క్యాన్సరే నన్నూ తీసుకుపోతుందనుకున్నా. మంచిదేలే అనుకున్నా. నీకూ అదే వచ్చిందని డోలొరెస్ అంటే, ఇద్దరం పోయేవాళ్ళమే, ఇంకా ఆ కాలవ గొడవ ఎందుకని వచ్చాను. నువ్వేమో మధ్యాహ్నం మొలలన్నావు. నవ్వలేకపోయాను ఒరెస్ట్. నాదీ అదేనేమో, ఏడాదిన్నరగా ఊరికే చస్తున్నానేమో అనిపించింది. అందుకే లేచి వెళ్ళిపోయాను."

"అదే కావచ్చు, కాకపోవచ్చు. చూస్తే గానీ తెలియదు" అన్నాడు మా ఆయన. రక్తం సంగతి పెళ్ళానికి కూడా చెప్పని మనిషి, ఆ పూట నెస్టర్‌కి ఒక్కటీ వదలకుండా అంతా చెప్పాడు. మోకాళ్ళ మీద ఒంగోవడం, కెమెరా గొట్టం, ముందురోజు తాగే దిక్కుమాలిన నీళ్ళు, అన్నీ. "ఆ డాక్టరు పిల్ల చాలా మంచిది. సిగ్గుపడ్డానికి టైము కూడా ఇవ్వదు" అన్నాడు. ఇద్దరూ బల్లకి అటూ ఇటూ నిలబడి, రెండు ఎడ్లు గడ్డి తిన్నట్టు తలలు వంచుకుని టీ తాగారు. ఇద్దరిలో ఒక్కరూ కుర్చీ జోలికి పోలేదు.

"ఆ కాలవ..." అన్నాడు మా ఆయన.

"వదిలెయ్."

"వదలను. పదకొండేళ్ళు వదిలాను. తప్పు నాది. నీళ్ళు పల్లానికి పోతాయని తెలిసే తవ్వాను."

నెస్టర్ కప్పు కింద పెట్టాడు. "సోమవారం ఫోన్ చేస్తావా మరి, ఆ డాక్టరుకి? నాకు ఫోన్లో ఆ మాట అనడం రాదు, కూమ్."

ఆ వరస వినగానే నేను టీకెటిల్ పట్టుకుని సింకు వైపు తిరిగిపోయాను.

నవంబరులో నెస్టర్ పరీక్షకి మా ఆయనే వ్యాన్ నడిపి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆయన కూర్చుంటున్నాడు, మధ్యలో చిల్లున్న రబ్బరు దిండు మీద రాజులాగా. టాన్స్‌లీ చెప్పినట్టే నాలుగో వారంలో ఆవిడ ఉన్న దిక్కుకి దండం పెట్టాడు కూడా. నేనూ వెంట వెళ్ళాను. గంటన్నర కూర్చున్నాం. ఈయన ఒకే పత్రిక మూడుసార్లు తిరగేశాడు, తలకిందులుగా పట్టుకుని.

టాన్స్‌లీ బయటికొచ్చి మా ఎదురుగా కూర్చుంది. "మొలలున్నాయి, చిన్నవే, కోత అక్కర్లేదు. కానీ లోపల ఒక గడ్డ కూడా కనబడింది. ఇంకా చెడ్డగా మారలేదు. గొట్టంతోనే తీసేశాం, పరీక్షకి పంపుతాం, భయం లేదనే నా నమ్మకం. ఇంకో రెండేళ్ళు దాచుకుని ఉంటే మాత్రం మీకు నేనిలా చెప్పేదాన్ని కాదు. ఇంతకీ ఎవరు తీసుకొచ్చారు ఆయన్ని?"

"మొలలు" అన్నాడు మా ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

పరీక్ష ఫలితం కూడా మంచిదే వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు అలమార తెరిచి స్టెఫా ఆకుపచ్చ గిన్నె బయటికి తీశాను. ఎండు ప్లమ్ పళ్ళు తేనెలో ఉడికించి అంచుదాకా నింపాను. డాక్టరమ్మ చెప్పిన పీచున్న తిండి అదే కదా. నెస్టర్ గుమ్మంలో ఆ గిన్నె అందుకుని, పైకెత్తి, కింద పట్టీ మీద స్టెఫా రాసిన పేరు చాలాసేపు చదివాడు.

"పదకొండేళ్ళు పట్టింది, క్షమించు" అన్నాను.

"నింపే తెచ్చావుగా" అన్నాడు.

పది రోజుల తర్వాత పొద్దున తలుపు తీస్తే ఆ గిన్నె మా మెట్ల మీద ఉంది, పైన బట్ట కప్పి. మా వాళ్ళెవరూ గిన్నె ఖాళీగా పంపరు కదా. బట్ట తీశాను. లోపల చదరపు రేకు డబ్బా ఒకటి, సగం వాడిన ఆవు పొదుగు మందు. దాని కింద కాగితం ముక్క. 'ఏడాదిన్నర రాశాను. ఇక నాకు పని లేదు. మీ ఆవుకి ఇవ్వండి. మీ కూమ్.'

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన రాతి మెట్టు మీద, దిండు లేకుండా కూర్చున్నాడని నవ్వడం అయ్యాక గానీ ఇద్దరం గమనించలేదు.